ఎన్నడూ పడిపోని యాప్

నాకు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో తెలుసుకుందామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. హోదాలు మా ఇంట్లో తాతగారితోనే అయిపోయాయి. ఆయన పేరు చెబితే నాలుగూళ్ల జనం అరుగులు దిగి నిలబడేవారట. నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా పేరు చెబితే, రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే ఐడీ కార్డు చూపించమంది. చూపించాను. మెడలో తాడు వేసుకుని పనికి పోవడం మా వంశంలో నాతోనే మొదలైంది.

రిటైరయ్యాక మన్సూరాబాద్‌లో, సొంత ఫ్లాట్‌లోనే, కూర్చుని ఇది రాస్తున్నాను. కొన్ని వారాల కోర్సు చేసి, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చేసిందని నమ్మి ఈ వృత్తిలోకి దిగుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఈ పనిలో మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. యాప్ పడిపోకుండా చూడటం తేలిక. అది అబద్ధం చెప్పకుండా చూడటమే కష్టం.

వాకిలి తర్వాత వాకిలి

మా తాతగారి గడిలో, అంటే కోటలాంటి ఆ పాత ఇంట్లో, లోపలి గదికి చేరాలంటే వాకిలి తర్వాత వాకిలి దాటాలి. ఉన్న తలుపును తోస్తే తెరుచుకుంటుంది. చీకట్లో లేని తలుపును తోస్తే మనమే బోర్లా పడతాం. జావాస్క్రిప్ట్‌లో డేటా కూడా అలాగే ఉంటుంది. రోగి లోపల రికార్డు, రికార్డు లోపల హెచ్చరికలు, హెచ్చరికల లోపల అలర్జీలు. మధ్యలో రికార్డు లేకపోయినా మనం ‘రికార్డులోని హెచ్చరికలు’ అని అడిగామనుకోండి, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. తెర తెల్లబడుతుంది. దీన్నే మనవాళ్లు క్రాష్ అంటారు.

అందుకే అడుగడుగునా ‘ఇది ఉందా? ఉంటే దీని లోపల అది ఉందా?’ అని తడుముకుంటూ వెళ్లే పద్ధతి ఒకటి వచ్చింది. ఎక్కడ లేకపోతే అక్కడ మర్యాదగా ఆగి ‘ఏమీ లేదు’ అని ఉత్త చేతులతో తిరిగి వస్తుంది. ఇప్పుడు భాషలోనే దీనికి ప్రశ్నార్థకమూ చుక్కా కలిపి ఒక గుర్తు పెట్టారు. మన పిల్లలు దాన్ని కూరలో కొత్తిమీర చల్లినట్టు చల్లుతున్నారు. కూర మాడినా పైన పచ్చగానే కనిపిస్తుంది.

సున్నా పండుగ

నేను చివరగా పనిచేసిన కంపెనీ చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కింద ర్యాంకులు తయారయ్యేవి, పైన యాప్‌లు. రెండింటి ఫ్లెక్సీలూ ఒకే దుకాణంలో అచ్చయ్యేవి. మా ప్రధాన ఖాతాదారు ఎల్బీనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి. దానికి అల్మాస్‌గూడలో చిన్న బ్రాంచి కూడా ఉంది. అక్కడి నర్సులూ డాక్టర్లూ చేతిలో పట్టుకునే టాబ్లెట్లలో కనిపించేదంతా మేము రాసిందే.

కంపెనీ యజమాని మురళి గారిది గుంటూరు వైపు. నాకంటే చాలా చిన్నవాడు, మాటలో నాకంటే చాలా పెద్దవాడు. ఆయన గది బయట తెల్లబోర్డు ఒకటి ఉండేది. దాని మీద ‘ఈ నెల క్రాష్‌లు’ అని రాసి, పక్కన ఒక సంఖ్య వేసేవారు. నెలాఖరున అక్కడ సున్నా ఉంటే అందరికీ మిరపకాయ బజ్జీలు. సున్నా కాకపోతే, ఎవరి కోడ్ పడిపోయిందో వాళ్ల పేరు సున్నా ఉండాల్సిన చోట రాసేవారు.

ఇక చూడండి మనుషుల తెలివి. కంపెనీలో సేఫ్‌గెట్ అనే చిన్న ఫంక్షన్, అంటే పిలిస్తే వచ్చి ఒక్క పని చేసిపెట్టే కోడ్ ముక్క, ఉండేది. దానికి ‘రోగి.రికార్డు.హెచ్చరికలు.అలర్జీలు’ అని దారి మొత్తం రాసి ఇస్తే, అది చుక్కల దగ్గర విరిచి, ఒక్కొక్క వాకిలీ తడుముతూ పోయి, దొరికితే తెచ్చేది, దొరకకపోతే నోరు మూసుకుని వచ్చేది. బోర్డు మీద పేరు ఎక్కకూడదని అందరూ ప్రతిదాన్నీ సేఫ్‌గెట్‌లో చుట్టారు. రోగి పేరును చుట్టారు. డాక్టర్ పేరును చుట్టారు. ఆసుపత్రి పేరును కూడా చుట్టారు, అది ఎక్కడికి పోతుందని భయపడ్డారో వాళ్లకే తెలియాలి.

ఒకసారి అడిగాను. “మురళి గారూ, అలర్జీల జాబితా అసలు రాకపోతే తెర మీద ఏం చూపిస్తున్నాం?”

“ఏముందండీ రావుగారూ, ఖాళీ వస్తే ‘అలర్జీలు: లేవు’ అని చూపిస్తాం. నీట్‌గా ఉంటుంది.”

“లేవని ఎవరు చెప్పారు?”

“ఉన్నాయని కూడా ఎవరూ చెప్పలేదు కదండీ!” అని నవ్వి, బజ్జీల పొట్లం నా వైపు తోశారు. నేను తీసుకోలేదు. పొట్లంలోంచి తినడం మా ఇంట్లో అలవాటు లేదు.

ముగ్గురిని పిలిచి ఒకరి పేరు చెప్పడం

కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి కొత్త ఫిర్యాదు వచ్చింది. టాబ్లెట్లు నత్తల్లా ఉన్నాయట. వాళ్లు కొన్నవి నాసిరకం టాబ్లెట్లు. వార్డులో రోగుల జాబితా పైకి కిందికి జరిపితే, ప్రతి రోగికీ ప్రతి వివరానికీ సేఫ్‌గెట్ కూర్చుని దారులు విరవడమే పనైపోయింది.

దీనికి మందు నాకు తెలుసు. కంపైల్ చేసేటప్పుడే ఆ పని ముగించాలి. కంపైల్ అంటే, మనం రాసిన కోడ్ ఆసుపత్రికి చేరకముందే ఆఫీసులో యంత్రం ఒకసారి చదివి, మార్చి, మూటగట్టి పంపడం. ఆ చదివేటప్పుడే సేఫ్‌గెట్ కనిపించిన ప్రతిచోటా దాన్ని తీసేసి, ‘రోగి ఉన్నాడా, రికార్డు ఉందా’ అనే సూటి ప్రశ్నలుగా మార్చి రాయమని చెప్పవచ్చు. దారి మనకు ముందే తెలిసినప్పుడు దాన్ని టాబ్లెట్‌లో మళ్లీ మళ్లీ విరవడం దండగ.

ఇది చెప్పి అనుమతి అడిగాను. మురళి గారు సోమవారం నవ్వుతూ వచ్చారు. “శని, ఆదివారాలు కూర్చుని నేనే రాసేశానండీ!” యజమాని సెలవు రోజున రాసిన కోడ్‌కు దండం పెట్టి దూరంగా జరగండి పిల్లలూ. దానికి పరీక్ష ఉండదు, ప్రశ్న ఉండదు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి ఫోన్. ఓపీ దగ్గర గొడవ. నేనూ, మా దగ్గర కొత్తగా చేరిన స్వప్న అనే అమ్మాయీ మెట్రోలో ఎల్బీనగర్ పరుగెత్తాం. టోకెన్ బోర్డు కింద జనం కమ్ముకుని ఉన్నారు. ఒక పెద్దావిడ టోకెన్ కాగితం గాలిలో ఊపుతోంది.

“నా నంబరు పిల్వనే లేదు, అయిపోయిందంటున్రు. పిల్వకుంట ఎట్ల అయిపోతది బిడ్డా? నేనేమన్న నిద్రపోయిన్నా?”

“పెద్దమ్మా, జర ఆగు, చూస్తున్నం,” అంది స్వప్న.

“నువ్వు డాక్టరమ్మవా?”

“కాదు పెద్దమ్మా, కంప్యూటర్.”

“అయితే గా కంప్యూటర్‌కే చెప్పు, నేనింకా బతికే ఉన్న అని!”

సంగతి ఏమిటంటే, ఆ టోకెన్ బోర్డు కూడా మా యాపే నడుపుతుంది, దాని వెనక ‘తర్వాతి టోకెన్ ఇవ్వు’ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని పిలిచిన ప్రతిసారీ వరస ఒకటి ముందుకు జరుగుతుంది. సేఫ్‌గెట్ దాన్ని ఒక్కసారే పిలిచి, వచ్చినదాన్ని చేతిలో పట్టుకుని లోపల వెతికేది. మురళి గారి మార్పిడి మాత్రం ఆ పిలుపును ప్రతి ప్రశ్నలోనూ అతికించింది. తర్వాతి టోకెన్ ఉందా? ఒకరు పోయారు. తర్వాతి టోకెన్‌లో రోగి ఉన్నాడా? ఇంకొకరు పోయారు. తర్వాతి టోకెన్‌లోని రోగి పేరేమిటి? మూడోవాడి పేరు బోర్డు మీద వెలిగింది. యాప్ పడిపోలేదు. తెల్లబోర్డు మీద సున్నా సున్నాగానే ఉంది.

“క్రాష్ ఏం కాలేదు కదండీ,” అన్నారు మురళి గారు ఫోన్‌లో.

“లేదు. వరసలో ఉన్న ముగ్గురిలో ఇద్దరిని మింగేసి నిలబడే ఉంది,” అన్నాను.

మగ్గం ఎక్కకముందే

ఆ మార్పిడిని తిరగరాసే పని స్వప్నకు ఇప్పించాను. వాళ్లది పోచంపల్లి దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. అప్పటికింకా ప్రొబేషన్‌లో ఉంది, చైతన్యపురిలోనే హాస్టల్. మొదటి రోజు ఎట్లా చేద్దామనుకుంటున్నావని అడిగాను.

“మా ఇంట్ల చీర నేసేటప్పుడు ఏ రంగు ఎక్కడ రావాలె అని మగ్గం మీద ఆలోచించరు సర్. నూలుకే ముందుగాల ముడులు కట్టి రంగులేస్తరు. మగ్గమెక్కినంక ఇంక నేసుడే. మనం గూడ ఆలోచించేదంత ఆఫీసులనే చేద్దాం. గా టాబ్లెట్‌కు ఆలోచించే పని పెట్టొద్దు.”

ఫంక్షన్ పిలుపు ఏదైనా ఉంటే దాన్ని ఒక్కసారే పిలిచి, జవాబును పక్కన దాచి, ఆ తర్వాతే ప్రశ్నలు మొదలుపెట్టేలా రాసింది. ఒకే రోగి గురించి నాలుగు వివరాలు కావలసినచోట రికార్డు ఉందా అని ఒక్కసారే అడిగించింది. దారి ముందే తెలియని చోట, అంటే యాప్ నడుస్తుండగా తయారయ్యే చోట, ముట్టుకోకుండా పాత సేఫ్‌గెట్‌నే వదిలేసింది. తెలియనిదాన్ని ముట్టుకోకపోవడం కూడా పనితనమే. నేను చూసిన అధికారుల్లో చాలామందికి అది లేదు.

ఆ తర్వాత ఇంకో అడుగు వేసింది. ఏ వివరం తప్పనిసరిగా వస్తుంది, ఏది రాకపోవచ్చు అని ఆసుపత్రివాళ్లే నియమాలు రాసి ఇచ్చారు. అలర్జీల జాబితా తప్పనిసరి. రోగికి ఏ అలర్జీ లేకపోయినా ఖాళీ జాబితా రావాలి. ఖాళీ జాబితా వచ్చిందంటే ఎవరో అడిగి, లేవని రాశారన్నమాట. జాబితాయే రాకపోతే, ఎవరూ అడగలేదో, అడిగింది మనకు చేరలేదో. స్వప్న రాసిన మార్పిడి ఆ నియమాలను కంపైల్ చేసేటప్పుడే చదివి, తప్పనిసరి వివరాల దగ్గర ప్రశ్నను పూర్తిగా ఎత్తేసింది.

“అది రాకపోతే యాప్ పడిపోతుంది, తెలుసా?” అన్నాను.

“వస్తదని వాళ్లే రాసిచ్చిన్రు కద సర్. వస్తదన్నదాన్ని వచ్చిందా, వచ్చిందా అని రోజు అడుగుడెందుకు? రాలేదంటే అదేదో పెద్ద తప్పు జరిగినట్టే. తెలవాలె కద.”

తెలియాలి. నేను ఒప్పుకుని, పరిశీలించినవాడి పేరు ఉండాల్సిన చోట నా పేరు పెట్టాను.

టాబ్లెట్లు చురుకయ్యాయి. నర్సులు మెచ్చుకున్నారు. మురళి గారు వెంటనే ఫ్లెక్సీ ఆలోచన చేశారు. ఆసుపత్రి పెద్ద డాక్టర్ సుజాత మేడంకు స్వయంగా చూపిద్దామని మా ఇద్దరినీ బయల్దేరదీశారు.

తెల్లటి తెర

మేడం గదిలో మురళి గారే టాబ్లెట్ పట్టుకున్నారు. “చూడండి మేడం, ఎంత ఫాస్టో! ఎవరినైనా చెప్పండి, తెరుస్తాను.”

మేడం తన పక్కనున్న కేస్‌షీటు చూసి, అల్మాస్‌గూడ బ్రాంచి నుంచి ఆ పొద్దునే మార్చిన ఒక రోగి పేరు చెప్పింది. నలభై దాటిన మనిషి, ఆటో నడుపుతాడట, జ్వరంతో చేరాడు. మురళి గారు పేరు నొక్కారు. తెర తెల్లబడింది. మళ్లీ నొక్కారు. మళ్లీ తెలుపే.

“ఏందిది?” అంది మేడం.

“నెట్‌వర్క్ మేడం.”

“మిగతావాళ్లవి వస్తున్నయ్ కదా?”

“అదే మేడం, ఈయన ఒక్కడి దగ్గరే నెట్‌వర్క్...” అని మురళి గారు ఆగిపోయారు. అంత తెలివైన మనిషికి ఆ వాక్యాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో తోచలేదు.

ఆఫీసుకు వచ్చాక ఆయన గొంతు కింద కోచింగ్ పిల్లల దాకా వినిపించింది. “క్లయింట్ ముందు తెల్ల స్క్రీనా? రేపు పాత వెర్షన్‌తో వెళ్తున్నాం. స్వప్నా, నువ్వు మేడం ముందు సారీ చెప్తావు, ఆ పిచ్చి పని పీకేస్తావు. అప్పుడు ప్రొబేషన్ సంగతి చూద్దాం. లేకపోతే నెలాఖరుదాకే.”

“తప్పు ఆమెది కాదు. పరిశీలించింది నేను,” అన్నాను.

“మీరు ఎలాగూ రిటైరవుతున్నారు కదండీ రావుగారూ!”

మెట్లమీద స్వప్న నిలబడి ఉంది. నేను గట్టిగానే చెప్పాను. “సారీ చెప్పొద్దు. తప్పు లేనప్పుడు తల వంచితే, ఆ తర్వాత ఎత్తడానికి తల ఉండదు.”

“మీకేం సర్, మీరు చెప్తరు,” అంది. కళ్లలో నీళ్లు లేవు, విసుగుంది. “ఈ ఉద్యోగం పోతే నేను ఇంటికి పోవాలె. మా నాయన మగ్గం ఇచ్చేసి బట్టల షాపుల గుమస్తాగ చేరిండు. ఇంటికి పోయి ఏం నెయ్యాలె నేను?”

ఆత్మగౌరవం మీద నాకు చాలా వాక్యాలు వచ్చు, కానీ ఏ ఒక్కటీ హాస్టల్‌లో ఉంటున్న పిల్లకు పనికొచ్చేది కాదు.

“అయితే కోడ్ మార్చేస్తావా?”

“అది మార్చ. ఆటో ఆయన రికార్డుల అలర్జీ జాబితా రాలే సర్, నేను చూసిన. అల్మాస్‌గూడ నుంచి మార్చేటప్పుడు ఎక్కడనో తప్పిపోయింది.”

సారీ

మర్నాడు మురళి గారు రెండు టాబ్లెట్లు పెట్టుకున్నారు. ఒకదాంట్లో పాత వెర్షన్, రెండోదాంట్లో నిన్నటిది. నిన్నటిది ఎందుకంటే, ‘ఇదీ తప్పు, ఇదీ మేం సరిదిద్దినది’ అని మేడంకు పక్కపక్కన చూపించడానికి. నేను దారి పొడుగునా ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. సత్యం, వృత్తిధర్మం, అన్నీ ఉన్నాయి అందులో.

మురళి గారు పాతదాంట్లో ఆటో డ్రైవరు పేరు నొక్కారు. వెంటనే తెరుచుకుంది. పేరు, వయసు, జ్వరం, ‘అలర్జీలు: లేవు’. అచ్చమైన ఆకుపచ్చ రంగులో.

“చూశారా మేడం! క్లీన్‌గా వచ్చేసింది. నిన్నటిదానికి మా అమ్మాయి సారీ చెప్తుంది.”

నేను గొంతు సవరించుకున్నాను. స్వప్న నాకంటే ముందు మాట్లాడింది.

“సారీ మేడం. నిన్న మీ ముందర తెర తెల్లగయ్యింది, అట్ల కావొద్దుండె.” మురళి గారు తల ఊపారు. ఆమె ఆగలేదు. “కానీ మేడం, ఈయనకు అలర్జీలు లేవని మాకు ఎవ్వరు చెప్పలే. జాబితనే రాలే. ఆకుపచ్చగ రాసింది మా యాపే. మీరు ఆయన్ని ఒక్కసారి అడిగితే మంచిగుంటది.”

మేడం టాబ్లెట్ వైపు, తర్వాత మురళి గారి వైపు చూసింది. ఫోన్ తీసి వార్డుకు చేసి, రోగి భార్యకు ఇమ్మంది. స్పీకర్ పెట్టింది.

“అమ్మా, మీ ఆయనకు ఏవన్నా మందులు పడవా?”

“సల్ఫా గోలీలు పడయి మేడం. పోయిన యాడాది ఏసుకుంటే నోరంత పుండ్లయినయ్, ఒళ్లంత పొక్కులు. అల్మాస్‌గూడల చెప్పిన కద మేడం, రాసుకున్నరు గూడ. ఎందుకు మేడం, ఇచ్చిన్రా ఏంది?”

“లేదమ్మా. ఇవ్వలే. ఇవ్వరు.”

మేడం ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్న ప్రిస్క్రిప్షన్‌లో ఒక పంక్తి కొట్టేసింది. అది ఏ మందో మేము అడగలేదు.

“తెల్ల తెర కాకుండా ఇంకోలా చూపించలేవా?” అని స్వప్నను అడిగింది.

“చూపిస్త మేడం. ‘అలర్జీ వివరాలు అందలేదు, రోగిని అడగండి’ అని ఎర్రగ రాసి ఆపేస్త. సాయంత్రంకల్ల అయితది.”

“అడగండి అని రాయమంటావా, డాక్టర్లకి?” మేడం ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. “రాయి. పెద్ద అక్షరాల్లో రాయి.” తర్వాత పాత టాబ్లెట్‌ను ఒక వేలితో మురళి గారి వైపు జరిపింది. “దీన్ని తీస్కపోండి. నిన్న పడిపోయిందే, దాన్ని ఇక్కడ ఉంచండి.”

నా ఉపన్యాసం నా దగ్గరే మిగిలింది. ఎంతో కొమ్ములు తిరిగిన వాక్యాలు. ఆ అమ్మాయి ఒక్క సారీ అడ్డం పెట్టి, కోడ్‌లో ఒక్క పంక్తి కూడా వదులుకోకుండా, నేను అడిగి సాధించలేనిది చెప్పి సాధించింది.

మురళి గారు పాత టాబ్లెట్‌ను సంచిలో వేసుకుని, జిప్పు పెట్టి, తల ఎత్తేసరికి ముఖం మళ్లీ ఫ్లెక్సీ మీద ఉండే ముఖమైపోయింది.

“అదే మేడం నేను చెప్పబోతున్నది,” అన్నారు. “అది మా కొత్త ఫీచర్. మా స్వప్న చేసింది. పర్మనెంట్ స్టాఫ్ మేడం!”

స్వప్న నా వైపు చూడలేదు. మేడంను చార్జర్ ఎక్కడ పెట్టుకోవచ్చని అడుగుతోంది.